సీట్ల లెక్క సరే, నిలిచినవాళ్ల లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ కాలేజీల్లో ఆన్‌లైన్ ప్రవేశాలు జరిపే దోస్త్‌లో ఒక్కో విడత పూర్తయినప్పుడల్లా ఎన్ని సీట్లు నిండాయో, ఎన్ని మిగిలాయో, ఒక్కరు కూడా చేరని కాలేజీలు ఎన్నో పత్రికల్లో వివరంగా వస్తుంది. చేరినవాళ్లలో ఎంతమంది మొదటి సెమిస్టర్ పరీక్ష రాశారో, ఎంతమంది రెండో ఏడాదిలోకి వచ్చారో మాత్రం కనిపించదు. తప్పు పత్రికలది కాదు. ప్రవేశాల లెక్క చెప్పినంత శ్రద్ధగా, నిలిచినవాళ్ల లెక్క కాలేజీవారీగా చెప్పే ఆనవాయితీ మనకు లేదు. తెలంగాణలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో మొదటి ఏడాది తరగతులు తీసుకునే అధ్యాపకులుగా ఆ రెండో లెక్క గురించే ఈ ఉత్తరం రాస్తున్నాం.

డిగ్రీ మానేసే పిల్లలు చెప్పి మానేయరు. రెండు రోజులు రారు, ఒక రోజు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు, తర్వాత వారం పాటు పత్తా ఉండదు. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడి, కట్టనివాళ్ల జాబితా తీస్తే గానీ పేర్లు బయటపడవు. అప్పుడు ఫోన్ చేస్తే పట్నంలో ఏదో పనికి కుదిరి ఉంటారు, లేదా ఆ నంబరే పనిచేయదు. "చదువు మీద ఆసక్తి లేదు" అని రాసుకుని మూసేయడం తేలిక. కానీ ఆ పిల్లల హాజరు పట్టీ వెనక్కి తిప్పి చూడండి. పేరు పోయింది పరీక్షల ముందే అయినా, మనిషి పోయింది చేరిన ఆరు వారాల్లోనే. ఈ కాలేజీ నాది అన్న నమ్మకం ఆ ఆరు వారాల్లో కుదరకపోతే తర్వాత ఎంత పరుగెత్తినా దొరికేది తక్కువ.

చిక్కు సీటు దగ్గరే మొదలవుతుంది. 2016లో దోస్త్ వచ్చాక దరఖాస్తు పట్టుకుని కాలేజీల చుట్టూ తిరిగే బాధ తప్పింది, అది మంచిదే. అయితే వెబ్ ఆప్షన్లు చాలామందికి నెట్ సెంటర్లోనే పెడతారు. స్క్రీన్ మీద సబ్జెక్టుల కాంబినేషన్లు వరసగా ఉంటాయి, వెనక క్యూ ఉంటుంది. బైపీసీ చదివిన అమ్మాయి బోటనీ, జువాలజీతో కెమిస్ట్రీ కావాలనుకుంటే, వచ్చిన కాంబినేషన్‌లో కెమిస్ట్రీ ఉండదు. ఆ సంగతి టైంటేబుల్ చేతికిచ్చాక తెలుస్తుంది. అదే కాలేజీలో కోర్సు మార్చుకోవడానికి ఇంట్రా కాలేజీ విడత ఉంటుంది. గడువు కొద్ది రోజులే. నోటీసు వాట్సాప్‌లో పెడతారు, ఆ నంబరు నాన్నది, ఆ ఫోన్ నాన్న జేబులో పొలం దగ్గర ఉంటుంది. అందుకే చేరిన రోజే ప్రతి విద్యార్థిని విడిగా ఒక ప్రశ్న అడగాలి: "ఈ కోర్సు నువ్వు కోరుకున్నదేనా?" కాదంటే ఇంట్రా కాలేజీ విడత తేదీ కాగితం మీద రాసి చేతిలో పెట్టాలి. అడగడానికి రెండు నిమిషాలు చాలు.

రెండో, మూడో విడతల్లోనూ ప్రత్యేక విడతలోనూ వచ్చేవాళ్ల సంగతి ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. వాళ్లు వచ్చేసరికి పాఠం నడుస్తూ ఉంటుంది, స్నేహాలు కుదిరి ఉంటాయి, బెంచీలు పంచుకుని ఉంటారు. మొదటి రోజు జరిపిన పరిచయ కార్యక్రమం వాళ్లకు దక్కదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2019లో దీక్షారంభ్ పేరుతో కొత్త విద్యార్థుల కోసం మార్గదర్శి విడుదల చేసింది. చాలాచోట్ల అది ఒక రోజు సభగా ముగుస్తోంది: వేదిక, పూలదండలు, నలుగురి ప్రసంగాలు. దానికి పెట్టే సమయాన్నే రెండుగా విడగొట్టి, సగం మొదటి విడత వాళ్లకు, సగం చివరి విడత ముగిసిన మరుసటి వారానికి దాచి పెట్టాలి. ప్రసంగాలు తగ్గించి పిల్లలను లైబ్రరీకి, ల్యాబ్‌కు, స్కాలర్‌షిప్ సెక్షన్‌కు, మరుగుదొడ్ల దగ్గరికి నడిపించి చూపించాలి. ఆఫీసులో ఏ కిటికీ దగ్గర ఏ పని జరుగుతుందో తెలియక తిరిగి తిరిగి ఇంటికి వెళ్లిపోయే పిల్లలు ఉంటారు.

ఇక ఖాళీ పీరియడ్లు. మొదటి ఏడాది పిల్లలను ఇంటికి పంపేది పాఠం కష్టం కావడం కన్నా పాఠం లేకపోవడమే అని మా గట్టి అభిప్రాయం. గెస్ట్ లెక్చరర్ల నియామకం ఏడాదికేడాది కొత్తగా జరుగుతుంది. ఉత్తర్వులు వచ్చి, ఎంపిక జరిగి, మనిషి తరగతిలోకి వచ్చేసరికి సెమిస్టర్‌లో ఎన్నో వారాలు గడిచిపోతాయి. ముప్ఫై కిలోమీటర్ల నుంచి బస్సులో నిలబడి వచ్చిన కుర్రాడికి రోజూ అయిదు పీరియడ్లలో రెండే జరిగితే నాలుగో రోజు ఎందుకు వస్తాడు? వాడి లెక్క తప్పు కాదు. నియామకాలు జూన్ నెలాఖరుకే పూర్తి చేయడం ప్రభుత్వం చేతిలో పని. కాలేజీ చేతిలో ఉన్నది టైంటేబుల్. మొదటి ఆరు వారాలు ఉన్న అధ్యాపకులను ముందు ఫస్టియర్ తరగతులకు వేసి, మిగిలిన ఖాళీలను ఫైనలియర్‌కు పంచితే సరిపోతుంది. ఫైనలియర్ పిల్లలకు కాలేజీ అలవాటైంది, ఒక పీరియడ్ ఖాళీ ఉంటే లైబ్రరీకి వెళతారు. ఫస్టియర్ పిల్లలు బస్టాండుకు వెళతారు. కొందరు ప్రిన్సిపాళ్లు దీన్ని ఒప్పుకోరు, ఫైనలియర్ ఫలితాలు దెబ్బతింటాయని భయం. ఆరు వారాలకే కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

మాధ్యమం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో ఇంగ్లిష్ మాధ్యమంలోకి వచ్చేవాళ్లు మన కాలేజీల్లో చాలామంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మాధ్యమమే అయింది. పిల్లలకు విషయం తెలియక కాదు, పేరు తెలియక తడబడతారు. చిట్టా, ఆవర్జా, అంకణా అంటే ఇంటర్ కామర్స్ పిల్లలు గడగడా చెబుతారు. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అనగానే అది కొత్త పాఠం అనుకుంటారు. జడత్వం తెలుసు, ఇనర్షియా తెలియదు. ద్రవ్యోల్బణం తెలుసు, ఇన్‌ఫ్లేషన్ అంటే ఆగిపోతారు. దీనికి మందు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు కాదు. ప్రతి సబ్జెక్టులో ప్రతి యూనిట్‌కు ముప్ఫై, నలభై మాటలతో ఒకే పేజీ పట్టిక చేయాలి: ఎడమవైపు ఇంటర్ తెలుగు పుస్తకంలోని మాట, మధ్యలో ఇంగ్లిష్ మాట తెలుగు లిపిలో ఉచ్చారణతో, కుడివైపు ఇంగ్లిష్ అక్షరాల్లో. యూనిట్ మొదలుపెట్టే రోజు జిరాక్స్ తీసి ఇవ్వాలి, అయిపోయాక కాదు. మొదటి నెల పాఠం రెండు భాషల్లో చెప్పి, రెండో నెల నుంచి తెలుగు పాలు తగ్గించుకుంటూ పోవచ్చు. ఇంగ్లిష్‌లో నోట్సు డిక్టేట్ చేస్తూ పోతే పిల్లవాడు వినపడిన అక్షరాలు రాస్తాడు, ఇంటికెళ్లి చదవలేడు, అడగడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గే మెల్లగా గైర్హాజరీ అవుతుంది.

మూడో వారంలో పది మార్కుల చిన్న పరీక్ష ఒకటి పెట్టాలి, ఎక్కడా కలపని మార్కులతో. పేపర్లు దిద్ది నాలుగు రోజుల్లో తిరిగి ఇవ్వడం అందులో ముఖ్యమైన పని. నాలుగు మార్కుల లోపు వచ్చినవాళ్లను పేరు చదివి నిలబెట్టకుండా, పేపరు మీదే "గురువారం మూడో పీరియడ్ తర్వాత వచ్చి కలువు" అని రాయాలి. మొదటి ఇంటర్నల్ దాకా ఆగితే సగం సెమిస్టర్ అయిపోతుంది. అప్పటికి తనకు రాదని ఆ విద్యార్థి తేల్చేసుకుని ఉంటాడు.

డబ్బు దగ్గర ఆగేవి పెద్ద మొత్తాలు కావు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా బస్సు, జిరాక్స్, రికార్డు పుస్తకం, పరీక్ష ఫీజు ఉంటాయి. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలయ్యాక అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ బాధ పోయింది. అబ్బాయిలకు పాస్ కావాలి, పాస్‌కు కాలేజీ ధ్రువీకరణ కావాలి. అది ఇవ్వడంలో వారం, పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులూ కుర్రాడు రోజుకింత అని జేబులోంచి పెట్టుకోవాలి. మొదటి వారంలో ఆఫీసులో ఒక మనిషిని బోనఫైడ్, బస్‌పాస్‌లకే కూర్చోబెడితే ఈ బాధ పోతుంది. స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఈ-పాస్ దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పదో తరగతి మెమోలోని పేరుకూ ఆధార్‌లోని పేరుకూ తేడా ఉన్నప్పుడు, బ్యాంకు ఖాతా వాడక మూలనపడినప్పుడు. ఈ రెండూ చేరిన రోజే కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే దొరుకుతాయి. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలన్న సంగతి కూడా ఆ రోజే చెప్పాలి. చాలామందికి అది పోయాకే తెలుస్తోంది.

బస్సు టైము మరో సంగతి. ఉన్న ఒక్క బస్సు తొమ్మిదిన్నరకు బయల్దేరి పదింబావుకు దింపితే, పది గంటల మొదటి పీరియడ్ హాజరు ఆ ఊరి పిల్లలందరికీ రోజూ పోతుంది. నెల తిరిగేసరికి ఒకే సబ్జెక్టులో హాజరు సగానికి పడిపోతుంది, ఆ లెక్చరర్ దృష్టిలో వాళ్లు బద్ధకస్తులైపోతారు. మొదటి వారంలోనే రూట్లవారీగా పిల్లల జాబితా, బస్సు దిగే టైము రాయించుకోవాలి. దాన్ని డిపో మేనేజరుకు ఒక ఉత్తరంగా పంపాలి. అది తేలేదాకా మొదటి పీరియడ్‌ను ఒకే సబ్జెక్టుకు కట్టేయకుండా వారంలో మార్చి మార్చి వేయాలి.

ఆ రూటు జాబితాతో ఇంకో పని ఉంది, అదే మాకు అన్నిటికన్నా నచ్చిన పని. ఒకే రూటు మీద వచ్చే నలుగురైదుగురు ఫస్టియర్ పిల్లలను ఒక సెకండియర్ లేదా ఫైనలియర్ విద్యార్థితో జట్టు కట్టాలి. కాలేజీలో మెంటర్‌గా ఉండే అధ్యాపకుడు వారానికి ఒకసారి చూస్తాడు, బస్టాపులో తోటివాళ్లు రోజూ చూస్తారు. "నిన్న ఎందుకు రాలే?" అని ఎవరో ఒకరు అడిగే చోటికి మనిషి మళ్లీ వస్తాడు. అయితే జాగ్రత్తలు ఉన్నాయి. అమ్మాయిల జట్టుకు అమ్మాయే సీనియర్‌గా ఉండాలి. అందరి నంబర్లూ అందరికీ కనిపించే వాట్సాప్ గ్రూపు పెట్టకూడదు. సీనియర్‌ను ఎంచేటప్పుడు మార్కులు చూడొద్దు, ఒకసారి సప్లీ రాసి గట్టెక్కినవాళ్లయితే ఇంకా మంచిది. జట్టు మాటున ర్యాగింగ్ చొరబడకుండా యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు ఫస్టియర్ గదుల గోడల మీద పెద్దగా రాయించాలి. మనసు బాగాలేనివాళ్లకు 14416 టెలీ మానస్ నంబరు కూడా దాని పక్కనే.

అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. మొదటి ఏడాదిలో తాము ఇక్కడివాళ్లం కాదేమోనన్న బెంగ అందరికీ ఉంటుందనీ, రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతుందనీ సీనియర్లు చెప్పిన మాటలను కొత్త విద్యార్థుల చేత చదివించారు. ఆ తర్వాత వాళ్ల చేతే తమ అనుభవాన్ని తర్వాతి బ్యాచ్ కోసం రాయించారు. మొత్తం కలిపి గంట పని. నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లలో మెరుగుపడి, తెల్లవాళ్లతో ఉన్న తేడా సగానికి తగ్గింది. తర్వాత పెద్ద ఎత్తున, 22 కాలేజీల్లో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది మరీ ముఖ్యం: కాలేజీలో నిజంగా కలుపుకునే వాతావరణం ఉన్నచోటే ఆ మాటలు పనిచేశాయి. కాబట్టి టాపర్లను తెచ్చి ప్రసంగాలు ఇప్పించడం వద్దు. పక్క మండలం నుంచి వచ్చి, మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పి, ఇప్పుడు ఫైనలియర్‌లో ఉన్న ముగ్గురిని పిలిచి తలా పది నిమిషాలు మాట్లాడించండి. ఏది తప్పారు, ఎవరిని అడిగారు, రీవాల్యుయేషన్ గడువు ఎలా తెలుసుకున్నారు, ఇంట్లో ఏం చెప్పారు, ఇవే చెప్పమనండి. సెమిస్టర్ చివర ఫస్టియర్ పిల్లల చేత వచ్చే ఏడాది వాళ్లకు ఒక పేజీ రాయించండి, తెలుగులోనే.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో ఏఎస్ఏపీ అనే పథకం మొదలుపెట్టింది. తరచూ కలిసే సలహాదారు, ఉచిత ప్రయాణ కార్డు, పుస్తకాల సాయం, కలిసి చదివే బ్యాచ్, అన్నీ ఒకేసారి ఇస్తారు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చినప్పుడు, అక్కడి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీని మూడేళ్లలో పూర్తి చేసినవాళ్లు పథకంలో 40 శాతం, బయట 22 శాతం. అక్కడ పెట్టినంత ఖర్చు మనం పెట్టలేం. కానీ బస్సు, పుస్తకం, పేరు పెట్టి పలకరించే మనిషి ఒక్కో ఏడాది ఒక్కోటి కాకుండా ఒక్కసారే అందాలన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

ఇప్పుడు గైర్హాజరీ ఫోన్ గురించి. వరసగా మూడు పనిరోజులు రాని ప్రతి ఫస్టియర్ విద్యార్థికీ ఫోన్ వెళ్లాలి. మూడు వందల మంది చేరిన కాలేజీలో ఏ వారమైనా ముప్ఫై మంది అలా తేలారనుకుందాం. పదిమంది అధ్యాపకులు పంచుకుంటే తలా మూడు ఫోన్లు, పావుగంట పని. ఎలా చేయాలన్నదే అసలు విషయం. ముందు విద్యార్థికే చేయాలి, తండ్రికి కాదు. "మీవాడు కాలేజీకి రావట్లేదు" అని తండ్రికి ఫిర్యాదు చేస్తే చాలా ఇళ్లలో వచ్చే జవాబు "రాకుంటే పనికి పోనీ సార్" అని. మనమే చేతులారా మాన్పించినట్టవుతుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య చేస్తే పొలం నుంచి, పని నుంచి ఇంటికి చేరి ఉంటారు. "ఎందుకు రావట్లేదు?" అని మొదలుపెట్టొద్దు, అది సంజాయిషీ అడిగినట్టుంటుంది. "మూడు రోజులుగా నువ్వు కనపడలేదు, బాగానే ఉన్నావా?" అనండి. తర్వాత ఈ మూడు రోజుల్లో ఏ పాఠం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పి, రేపు ఎవరి దగ్గర నోట్సు దొరుకుతుందో పేరు చెప్పండి. రిజిస్టరులో కారణం రాసేటప్పుడు "అనారోగ్యం", "ఇతరములు" అని రెండే గడులు పెట్టుకుంటే ఏమీ తెలియదు. వరి నాట్లు, పత్తి ఏరడం, క్యాటరింగ్ పని, హాస్టల్ సీటు రాలేదు, కోర్సు నచ్చలేదు, పెళ్లి సంబంధం, ఇంట్లో గొడవ అని ఉన్నదున్నట్టు రాయాలి. నెల తిరిగేసరికి ఆ పేజీయే ఏం చేయాలో చెబుతుంది. ఒకే వారం ఇరవై మంది పత్తి చేలల్లో ఉంటే, ఆ వారం ఇంటర్నల్ పెట్టకూడదని కదా అర్థం.

పెళ్లి సంబంధం అని తేలితే ఆ ఫోన్ మహిళా అధ్యాపకురాలు చేయాలి, వీలైతే అమ్మతో మాట్లాడాలి. పెళ్లయ్యాక కూడా చదువు సాగించవచ్చనీ, ఏడాది పోయినా రీ-అడ్మిషన్ ఉంటుందనీ, అదీ కుదరకపోతే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉందనీ ఆ ఇంట్లో ఒకరి చెవినైనా పడాలి.

ఇంకో మాట చెప్పక తప్పదు. "ఎస్సీ, ఎస్టీ స్టూడెంట్స్ నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలు తీసుకోండి" అని తరగతిలో పిలవడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. చేసేవాళ్లకు దురుద్దేశం ఉండకపోవచ్చు. నిలబడిన పిల్లలకు మాత్రం ఆ రోజు నుంచి తరగతిలో తమ చోటు ఏదో తెలిసిపోతుంది. హాల్‌టికెట్ నంబర్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టి ఆఫీసుకు రమ్మంటే అదే పని జరుగుతుంది. మెంటర్లు రాయించుకునే కార్డులో కులం, ఆదాయం గడులు తీసేయండి, అవి ఆఫీసులో ఎలాగూ ఉన్నాయి. బస్సు ఏది, ఫోన్ ఎవరిది, ఇంటర్ ఏ మాధ్యమం, సాయంత్రం ఏమైనా పని చేస్తావా, కోర్సు నీ ఇష్టమేనా అన్న అయిదు ప్రశ్నలు చాలు.

వెళ్లేవాళ్లందరినీ ఆపాలని మేం అనడం లేదు. ఇంజినీరింగ్‌లో, నర్సింగ్‌లో సీటు వచ్చి వెళ్లేవాళ్లను సంతోషంగా పంపాలి. సర్టిఫికెట్లు పట్టి ఉంచి విద్యార్థిని ఆపడం 2018లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్‌కు విరుద్ధం, ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని అది స్పష్టంగా చెప్పింది. టీసీ అడిగినవాళ్లతో ఇవ్వడానికి ముందు ఎవరైనా పదిహేను నిమిషాలు కూర్చుని మాట్లాడాలి. కారణం కొన్ని వందల రూపాయల పరీక్ష ఫీజు అయితే పూర్వ విద్యార్థుల సంఘం నుంచి ఆ రోజే కట్టేలా చిన్న నిధి ఉండాలి. దరఖాస్తులు, కమిటీ, తీర్మానం అంటూ పోతే గడువు దాటిపోతుంది. ప్రిన్సిపాల్ ఒక్క సంతకంతో ఖర్చు చేయగలిగినదై ఉండాలి.

చివరగా కళాశాల విద్యా కమిషనరేట్‌కు, ఉన్నత విద్యామండలికి మా విన్నపం. ప్రతి కాలేజీకి నాలుగు అంకెలు ప్రకటించండి: దోస్త్‌లో చేరి కన్ఫర్మ్ అయినవారు, ఆరో వారం చివర హాజరులో ఉన్నవారు, మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టినవారు, మూడో సెమిస్టర్‌లో నమోదైనవారు. వేరే కాలేజీకి మారినవాళ్లను, వృత్తి విద్యా కోర్సులకు వెళ్లినవాళ్లను విడిగా చూపించండి, లేకపోతే మంచి కాలేజీలకు అన్యాయం జరుగుతుంది. ఈ అంకెలను కాలేజీలను మూసేయడానికో, జీతాలు ఆపడానికో వాడతామంటే ఎవరూ నిజం రాయరు, ఆరో వారం హాజరు ప్రతిచోటా నూరు శాతం అయిపోతుంది. గెస్ట్ లెక్చరర్లను ముందు ఎక్కడ ఇవ్వాలో, బస్సు ఎక్కడ వేయాలో, హాస్టల్ సీట్లు ఏ వారానికి తేలాలో నిర్ణయించడానికి వాడండి. వచ్చే విద్యా సంవత్సరం దోస్త్ నోటిఫికేషన్‌తో పాటే గత ఏడాది అంకెలు వెలువడితే, మీ పత్రిక వాటిని సీట్ల వార్త పక్కనే ప్రచురించాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకులు,
తెలంగాణ